పాత అమెరికన్ పత్రికల జోక్ కార్టూన్లు: ఇవి వేసినవాళ్ళ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

పాతపుస్తకాలబండి (ప్రశ్న):

అందరికీ నమస్తే. పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేస్తుంటే అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి కనపడింది. అన్నీ కార్టూన్లే, పేజీకి ఒకటో రెండో. మొదటి పేజీలు కూడా చిరిగిపోయాయి కాబట్టి పుస్తకం పేరు తెలీదు, కానీ ఆ కార్లూ సోఫాలూ ఆడవాళ్ళ టోపీలూ చూస్తే 1930ల నుంచి 50ల దాకా అమెరికన్ పత్రికల్లో వచ్చినవని అర్థమైపోతోంది. అతను వంద చెప్పి అరవైకి ఇచ్చాడు. ఇంటికి తెచ్చుకుని రాత్రి ఒంటిగంట దాకా చూస్తూ కూర్చున్నాను.

నేను కూడా కార్టూన్లు వేస్తాను. ఉద్యోగం వేరే ఉంది, రాత్రిపూటా ఆదివారాలూ ఇదే పని. మూడేళ్ళుగా పత్రికలకి పంపిస్తున్నాను, ఇప్పటికి ఏడు అచ్చయ్యాయి. అందుకే ఈ పుస్తకం చూస్తుంటే ఒక ప్రశ్న వదలడం లేదు: వీళ్ళ బొమ్మలో ఏముంది, నా బొమ్మలో ఏం లేదు?

ఒకటి చెప్తాను చూడండి. వెనకాల విమానం కూలిపోయి నేలలోకి గుచ్చుకుపోయి ఉంది. మనుషులు దానివైపు పరుగెడుతున్నారు. ఒకాయన మాత్రం సూటు వేసుకుని, చుట్టచుట్టిన ప్లాను కాగితాలు చంకలో పెట్టుకుని, దానికి వీపు పెట్టి ఇటు నడిచొస్తున్నాడు. కింద ఆయన అంటున్న మాట ఒక్కటే లైను, "సరే, మళ్ళీ డ్రాయింగ్ బోర్డు దగ్గరికే" అని అర్థం వచ్చేలా. సంతకం పీటర్ ఆర్నో అని ఉంది. అరగంట చూశాను ఆ బొమ్మని. ఆ లావుపాటి నల్లగీతలు, ఆ మనిషి ముఖంలో పెద్ద బాధేమీ లేకపోవడం... నేనైతే కచ్చితంగా ఆయన చేత తల పట్టించేవాణ్ణి.

ఇంకొకటి, మంచుకొండ మీద స్కీయింగ్ చేస్తున్న మనిషి. వెనక ఒక చెట్టు. ఆ మనిషి కాళ్ళ జాడలు చెట్టుకి అటొకటి ఇటొకటి వెళ్ళి కింద మళ్ళీ కలిసిపోయాయి. మాటే లేదు కింద!

ఇంకొకాయన బొమ్మలైతే చిన్నపిల్లలు గీసినట్టున్నాయి. మంచం, మొగుడూ పెళ్ళాం, మంచం తలాపి వెనక నుంచి సీల్ అనే సముద్రజంతువు ఒకటి చూస్తోంది. నిజం చెప్పాలంటే ఇది పత్రికవాళ్ళు ఎలా వేసుకున్నారో నాకు అర్థం కాలేదు.

ఈ ఆర్టిస్టులు ఎవరు? జోకు వాళ్ళే ఆలోచించుకునేవాళ్ళా? ఒక్కో కార్టూన్ అమ్ముకుని బతకడం ఎలా కుదిరింది వాళ్ళకి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, ఎంత పొడుగైనా చదువుతాను.

ఎడిసన్ రైలు:

మీ పోస్టు చూసి ఆఫీసు పని పక్కన పెట్టేశానండీ. నేను న్యూజెర్సీలో ఉంటాను, పదేళ్ళుగా ఇక్కడి లైబ్రరీల్లో పాత పత్రికల బౌండ్ వాల్యూములు చూడటం నా అలవాటు. నాకు తెలిసింది చెప్తాను.

ఆ విమానం బొమ్మ 1941 మార్చిలో "ది న్యూయార్కర్" పత్రికలో వచ్చింది. ఇంగ్లీషులో ఏదైనా పని చెడిపోయి మళ్ళీ మొదటికొస్తే ఇప్పుడు అందరూ ఆ మాటే అంటారు కదా, ఆ మాట జనంలోకి వెళ్ళింది ఈ కార్టూన్‌తోనే అంటారు. ఆ చెట్టు జాడలది చార్లెస్ ఆడమ్స్, 1940 జనవరి, అదే పత్రిక. ఆడమ్స్ పుట్టిన వెస్ట్‌ఫీల్డ్ మా ఊరికి దగ్గరే. ఆయన కుర్రతనంలో నేరవార్తల పత్రికలో పనిచేసేవాడు, శవాల ఫోటోల మీద నెత్తురు కనపడకుండా టచప్ చేయడం ఉద్యోగం. నల్లబట్టల దెయ్యంలాంటి కుటుంబాన్ని 1938 నుంచి బొమ్మల్లో వేస్తూ వచ్చాడు. 1964లో అది టీవీ సీరియల్ అయ్యేదాకా ఆ మనుషులకి పేర్లే లేవు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఆ విమానం బొమ్మని అరచేత్తో మూసి కింది లైను ఒక్కటే చదవండి. ఏ ఇంజనీరైనా ఏ సాయంత్రమైనా అనే మాట, అందులో జోకేమీ లేదు. ఇప్పుడు లైను మూసేసి బొమ్మ చూడండి. విమాన ప్రమాదం, నవ్వొచ్చే విషయమే కాదు. రెండూ కలిసినప్పుడే నవ్వు పుడుతుంది, అదీ మీ బుర్రలో పుడుతుంది, కాగితం మీద కాదు. ఈయనే ఆ విమానం డిజైన్ చేసినవాడని బొమ్మలో ఎక్కడా రాసి లేదు. చంకలో కాగితాలు చూసి మీరే పట్టుకుంటారు. మీరు తల పట్టించేవాణ్ణి అన్నారు చూడండి, అక్కడే ఆర్నో ఆగాడు. తల పట్టిస్తే ఆ లైను ఎందుకు?

ఈ ఒక్కలైను పద్ధతి ఎప్పటినుంచో ఉన్నది కాదు. లండన్ "పంచ్" పత్రిక 1841లో మొదలైంది, దాని పాత కార్టూన్ల కింద చిన్న నాటకం ఉండేది. దొరగారు ఇలా అన్నారు, దానికి పనివాడు ఇలా అన్నాడు, మళ్ళీ దొరగారు... బొమ్మ తీసేసినా జోకు అలాగే ఉంటుంది. ఒక్కలైనుని న్యూయార్కర్ కనిపెట్టిందని నేననను కానీ దాన్ని మామూలు పద్ధతి చేసింది మాత్రం ఆ పత్రికే. 1925లో హెరాల్డ్ రాస్ అనే ఎడిటర్ మొదలుపెట్టాడు దాన్ని. ఆయన ఒక్క గీత గీయలేడు. కానీ ప్రతి మంగళవారం బొమ్మల మీటింగులో కూర్చుని, స్వెటర్లు అల్లే సూదితో ఒక్కొక్క బొమ్మనీ పొడిచి చూపిస్తూ అడిగేవాడు, ఇందులో మాట్లాడుతున్నది ఎవరు అని. అది చూడగానే తెలియకపోతే బొమ్మ వెనక్కే. అందుకే ఆ కాలపు కార్టూన్లలో గమనించండి, నలుగురు ఉన్నా నోరు తెరిచి ఉండేది ఒక్కరిదే.

జోకు ఎవరిదంటారా? చాలాసార్లు బొమ్మ వేసినవాళ్ళది కాదు. ఆర్నో పేరున వచ్చిన జోకుల్లో చాలావాటిని వేరేవాళ్ళు రాశారు. జార్జ్ ప్రైస్ అని ఇంకో గొప్ప ఆర్టిస్టు ఉన్నాడు, ఇళ్ళలో సామాన్లు వేయడంలో ఆయనకి సాటి లేరు, ఆయనవీ అంతే. గ్యాగ్ రైటర్లని, అంటే జోకులు రాసిచ్చేవాళ్ళని, ఒక వృత్తే ఉండేది. చిన్న చిన్న కాగితం ముక్కల మీద ఐడియా టైపు చేసి, నంబరు వేసి, కట్టలుగా ఆర్టిస్టుకి పోస్టు చేసేవాళ్ళు. నచ్చితే ఆర్టిస్టు ఉంచుకుంటాడు, బొమ్మ అమ్ముడుపోతే వచ్చిన డబ్బులో మామూలుగా పావు వంతు రైటర్‌కి. న్యూయార్కర్‌లో 1939 నుంచి 1973 దాకా ఆర్ట్ ఎడిటర్‌గా ఉన్న జేమ్స్ గెరాటీ కూడా అంతకుముందు ఆర్నోకి జోకులు రాసి పంపినవాడే.

బతుకుతెరువు సంగతి. న్యూయార్క్ చుట్టుపక్కల ఉన్న కార్టూనిస్టులకి బుధవారం పెద్ద పని రోజు. పెన్సిల్‌తోనో పెన్నుతోనో వేసిన రఫ్ స్కెచ్చులు పదో పదిహేనో ఫైల్లో పెట్టుకుని రైలెక్కి మన్‌హాటన్ వచ్చి, ఒక పత్రిక ఆఫీసు తర్వాత ఇంకోటి తిరిగేవాళ్ళు. ఎక్కువ డబ్బిచ్చే పత్రికతో మొదలుపెట్టి కిందికి దిగుతూ రావడం. "సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్", "కోలియర్స్", "లుక్", ఆ తర్వాత చిన్నాచితకా. ఎడిటర్ ఒక్కో రఫ్ చూడటానికి కొన్ని సెకన్లు. ఒకటి ఉంచుకుంటే పండగ. ఓకే అంటే ఇంటికెళ్ళి ఫైనల్ బొమ్మ వేసి తేవాలి. దూరాన ఉన్నవాళ్ళు మన రచయితల్లాగే, తిరుగు టపాకి స్టాంపులు అంటించిన కవరు జతచేసి పంపేవాళ్ళు. స్నూపీని పుట్టించిన చార్లెస్ షుల్జ్ కూడా మిన్నెసోటా నుంచి అలా పంపించే సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్‌లో 1948 నుంచి 1950 మధ్య 17 కార్టూన్లు వేయించుకోగలిగాడు. మూడేళ్ళలో మీకు ఏడు పడ్డాయంటే అధైర్యపడాల్సిన పనేమీ లేదు.

కాకినాడ కాజా:

పైన వివరం బాగుంది. నేను ఆ సీల్ బొమ్మ గురించి మాత్రమే చెప్తాను, ఎందుకంటే అది వేసిన జేమ్స్ థర్బర్ నాకు ప్రాణం. చిన్నపిల్లలు గీసినట్టున్నాయి అన్నారు, ఎలా వేసుకున్నారో అర్థం కాలేదన్నారు. వేసుకోలేదండీ మొదట.

థర్బర్ న్యూయార్కర్‌లో రచయిత, ఆర్టిస్టు కాదు. తోచనప్పుడు పసుపు కాగితాల మీద పెన్సిల్‌తో గీసి చెత్తబుట్టలో పడేసేవాడు. ఆయన గదిలోనే కూర్చునే ఇ.బి. వైట్ అనే ఇంకో రచయిత 1929లో వాటిలోంచి ఒకటి తీశాడు. ఒక బండరాయి మీద సీల్ కూర్చుని దూరంగా రెండు చుక్కల్లా కనిపిస్తున్న మనుషుల్ని చూసి "ఊఁ, అన్వేషకులు" అనుకుంటోంది. వైట్ దానిమీద ఇంకుతో దిద్ది మంగళవారం మీటింగుకి పంపాడు. ఆర్ట్ చూసే పెద్దాయన సీల్ మీసాలు ఇలా ఉంటాయి అని సరైన తల ఒకటి పక్కన గీసి తిప్పి పంపాడు. వైట్ ఊరుకోలేదు. థర్బర్ సీల్ మీసాలు ఇలాగే ఉంటాయి అని చీటీ రాసి మళ్ళీ పంపాడు! మళ్ళీ తిరిగొచ్చింది.

ఆ ఏడాదే వీళ్ళిద్దరూ కలిసి రాసిన పుస్తకంలో థర్బర్ బొమ్మలు వచ్చి జనానికి నచ్చేసరికి, ఆ సీల్ బొమ్మ ఏది అని రాస్ అడిగాడు. అప్పటికే అది పోయింది. చాలాకాలం తర్వాత థర్బర్ మళ్ళీ గీయబోతే బండరాయి సరిగ్గా కుదరలేదు, మంచం తలాపిలా వచ్చింది. సరే మంచమే అనుకుని కింద మంచం వేసి, మంచంలో భార్యాభర్తల్ని పడుకోబెట్టాడు. భార్య విసుక్కుంటోంది: సరే నీ మాటే కానీ, నువ్వు సీల్ అరుపు విన్నావు, అంతేనా! 1932 జనవరిలో అచ్చయింది. ఇప్పుడు ఆ సీల్‌ని ఎవరైనా అందంగా, మీసాలు లెక్కపెట్టి వేశారనుకోండి. మంచం వెనక నిజం సీల్ ఉంటే భయం వేస్తుంది. థర్బర్ గీతలో ఆ మొగుడెంత మెత్తగా ఉన్నాడో సీల్ కూడా అంతే మెత్తగా ఉంది, అందుకే ఆ ఇంట్లో అది ఇమిడిపోయింది. గీత రాకపోవడం కాదు, ఆ జోకుకి తగిన గీత అదే.

ఇంకో మాట. చిన్నప్పుడు ఆటలో అన్న వదిలిన బాణం తగిలి ఆయనకి ఒక కన్ను పోయింది. రెండో కన్ను కూడా పెద్దయ్యాక మసకబారుతూ వచ్చింది. 1940ల్లో పెద్ద పెద్ద కాగితాలు పరుచుకుని, కళ్ళకి భూతద్దం కట్టుకుని, లావుపాటి నల్ల క్రేయాన్‌తో గీసేవాడు. 1951 తర్వాత ఇక గీయలేకపోయాడు. ఆ పిల్లల గీతలు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఎడిసన్ రైలు గారికి ఒక చిన్న అభ్యంతరం. అరచేత్తో మూసే పరీక్ష బాగుంది కానీ, మాటల్లేని కార్టూన్లకి పనికిరాదు కదా? చెట్టు జాడల దానికి ఏం మూస్తారు?

ఎడిసన్ రైలు:

మంచి ప్రశ్న. చెట్టుని మూయండి. ఉత్త స్కీయింగ్ బొమ్మ మిగులుతుంది. జాడల్ని మూయండి, అప్పుడూ అంతే. అక్కడా రెండు ముక్కలే, రెండూ గీతల్లోనే ఉన్నాయి. పైగా ఆ బొమ్మలో ఇంకో మనిషి ఉన్నాడు, ఆగిపోయి ఆ జాడలవైపు చూస్తుంటాడు. ఆయన లేకపోతే మనం ఆ జాడల్ని గమనించడానికి ఇంకాస్త టైం పట్టేది. ఆడమ్స్ ఇంకేమీ చెప్పలేదు, ఎలా జరిగిందో అస్సలు చెప్పలేదు. సాల్ స్టైన్‌బర్గ్ అని రుమేనియాలో పుట్టి, ఇటలీలో ఆర్కిటెక్చర్ చదివి, యుద్ధకాలంలో అమెరికా చేరిన ఆయన ఉన్నాడు, ఆయనకైతే ఒక్క గీత చాలు, మాటతో అవసరమే పడదు. మీ పుస్తకంలో తప్పకుండా ఉండి ఉంటాడు, వెతకండి.

ఇంకా మీ పుస్తకంలో విఐపి అన్న సంతకం ఉంటే ఆయన వర్జిల్ పార్చ్. డిస్నీ స్టూడియోలో పనిచేసి, 1941 సమ్మె తర్వాత బయటికొచ్చి కోలియర్స్‌లో వెలిగిపోయాడు. ఆయన మనుషుల చేతులకి ఎన్నేసి వేళ్ళో లెక్కపెట్టండి, ఏడూ ఎనిమిదీ కూడా ఉంటాయి. డిస్నీలో ఏళ్ళ తరబడి మూడు వేళ్ళూ బొటనవేలూ మాత్రమే వేయించారు, ఆ బాకీ తీర్చుకుంటున్నాను అనేవాడు.

విశాఖ కెరటం:

అందరూ మగవాళ్ళ పేర్లే చెప్తున్నారు కాబట్టి నేను హెలెన్ హాకిన్సన్ గురించి రాస్తాను. పుస్తకంలో కాస్త లావుగా, టోపీలు పెట్టుకుని, మహిళా మండలి మీటింగుల్లో లేచి మాట్లాడే పెద్దావిడలు కనపడితే అవి ఈవిడవే. న్యూయార్కర్ మొదలైన 1925 నుంచే అందులో వేసింది. ఆ ఆడవాళ్ళని చూసి నవ్వుతాం కానీ వాళ్ళని చిన్నబుచ్చినట్టు ఎక్కడా ఉండదు, మన పెద్దమ్మని చూసి నవ్వుకున్నట్టు ఉంటుంది. నేను ఆవిణ్ణి ఇష్టపడేది దానికే. 1931 నుంచి ఆవిడ బొమ్మలకి మాటలు రాసింది జేమ్స్ రీడ్ పార్కర్ అనే రచయిత. మనకి బాపు రమణల్లాగా వాళ్ళ జంట కుదిరింది, దాదాపు ఇరవై ఏళ్ళు. 1949 నవంబరు 1న ఒక కార్యక్రమంలో మాట్లాడటానికి విమానంలో వాషింగ్టన్ వెళ్తుంటే, దిగబోయే ముందు ఒక యుద్ధవిమానం వచ్చి ఢీకొట్టింది. అందులో ఉన్న 55 మందీ చనిపోయారు, హాకిన్సన్ కూడా.

ఇంకొక పేరు, ఇ. సిమ్స్ క్యాంప్‌బెల్. నల్లజాతి ఆర్టిస్టు. "ఎస్క్వయర్" పత్రిక 1933లో మొదటి సంచిక నుంచి ఆయన రంగుల కార్టూన్లతో వచ్చింది. ఆ పత్రిక అట్టల మీద కనపడే పెద్ద కళ్ళ మీసాలాయన బొమ్మ కూడా ఈయన సృష్టే. చదివేవాళ్ళలో చాలామందికి ఈయన నల్లవాడని తెలీదు. తన బొమ్మల్లోని హోటళ్ళలో చాలావాటికి ఆయన్ని రానిచ్చేవాళ్ళు కాదు, ఆ రోజులు అవి. అచ్చయిన బొమ్మలో వేసినవాడి ఒంటి రంగు కనపడదు కదా. 1950ల చివర్లో కుటుంబంతో స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు.

హాకిన్సన్‌ని చూస్తే నాకు మా ఊరి రాగతి పండరి గారు గుర్తొస్తారు. పోలియోతో కదల్లేని మనిషి, విశాఖలో ఇంట్లో కూర్చుని వేలకొద్దీ కార్టూన్లు వేశారు. వంటింట్లో ఆడవాళ్ళు మాట్లాడుకునే మాట ఆవిడ బొమ్మల్లో ఉన్నట్టుగా మరొకరి బొమ్మల్లో నేను చూడలేదు.

బైండు పుస్తకం:

నా వయసు డెబ్బై దాటింది, కాబట్టి మన వైపు సంగతి ఒకటి చెప్తాను.

మా ఇంట్లో అమ్మ వారపత్రికల్లో సీరియళ్ళు చించి, దారంతో కుట్టి, ఊళ్ళో బైండింగ్ చేసే ఆయనకిచ్చి అట్ట వేయించేది. ఆ రోజుల్లో అందరిళ్ళలోనూ అంతే. చించింది సీరియల్ కోసమే అయినా పేజీ చివర మిగిలిన జాగాలో ఏ కార్టూన్ ఉంటే అది కూడా బైండులోకి వచ్చేసేది. కొన్నిసార్లు కుట్టులో సగం బొమ్మ నలిగిపోయేది. నేను కార్టూన్లు నేర్చుకున్నది అలా, కథ మధ్యలో. బాపు గారు 1955లో ఆంధ్రపత్రికలో చేరారు. అంతకు చాలా ముందే తలిశెట్టి రామారావు గారు భారతి పత్రికలో వేసేవారు, ఆయన పుట్టిన మే 20నే మన కార్టూనిస్టులు తమ రోజుగా జరుపుకుంటారు.

మీ అమెరికన్ పుస్తకానికీ మనవాళ్ళకీ ఒక తేడా చూడండి. అక్కడ మాట బొమ్మ బయట ఉంటుంది, ప్రెస్సు అక్షరాల్లో, కొటేషన్ గుర్తుల మధ్య. అందుకే మాట్లాడేదెవరని రాస్ అంత గొడవపడ్డాడు, మాటకి తోక లేదు కదా చూపించడానికి. మన దగ్గర మాట బొమ్మలోనే, మాట్లాడే మనిషి తల పక్కన, ఆర్టిస్టు చేతిరాతతో ఉంటుంది. బాపు గారి అక్షరం చూడగానే నవ్వు సగం వచ్చేస్తుంది, ఆ అక్షరం కూడా బొమ్మే. అందువల్ల మనకి ఇద్దరి మాటలు పెట్టుకునే వీలుంది, పెడతాం కూడా. ఆ వీలు మంచిదే. కానీ దాంతో ఒక తిప్పలు కూడా ఉంది, మొదటి మనిషి చేత ఉన్న విషయం అంతా చెప్పించేస్తాం. బొమ్మ చెప్పాల్సింది కూడా వాడే చెప్పేస్తాడు.

మీ కార్టూన్ ఒకటి ఇక్కడ చెప్పండి, చూద్దాం.

పాతపుస్తకాలబండి:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఒక్కొక్క పోస్టూ రెండేసి సార్లు చదివాను. పుస్తకంలో స్టైన్‌బర్గ్ దొరికాడు, విఐపి కూడా దొరికాడు, ఒక చేతికి ఎనిమిది వేళ్ళు లెక్కపెట్టాను. థర్బర్ గురించి నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

బైండు పుస్తకం గారూ, అడిగారు కాబట్టి చెప్తాను. పోయిన నెల తిరిగొచ్చింది ఇది. పెళ్ళి మండపం. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కనపడకుండా చుట్టూ ఫోటోగ్రాఫర్లు, వీడియో వాళ్ళు, పైన డ్రోన్. ముందు కుర్చీల్లో ఇద్దరు పెద్దవాళ్ళు. ఒకాయన "పెళ్ళికొడుకు ఏడండీ?" ఇంకొకాయన "అదిగో, ఆ ఫోటోగ్రాఫర్ల వెనకాల ఉన్నాడు, ఆల్బమ్‌లో చూసుకుందాం లెండి!" బొమ్మకి రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు అరచెయ్యి పెట్టి చూస్తే, బొమ్మ మూసేసినా అంతా అర్థమైపోతోంది. బొమ్మ ఎందుకు వేశానో నాకే తెలియడం లేదు.

బైండు పుస్తకం:

విషయం మంచిది బాబూ, పారేయకు. కుర్చీల్లో వాళ్ళిద్దరినీ లేపి పంపించెయ్. వాళ్ళు చూసేవాళ్ళు, మనమూ చూసేవాళ్ళమే, ఇద్దరు అనవసరం. మండపం మీద ఎవరి నోరు తెరవాలో ఆలోచించు. నాకైతే పురోహితుడు కనపడుతున్నాడు.

కాకినాడ కాజా:

పురోహితుడే! ఆయన పని వీళ్ళు చేస్తున్నారు కదా. ఆయన ఏదో మామూలు మాట అనాలి, రోజూ అనేదే, కానీ అనకూడని మనిషితో.

ఎడిసన్ రైలు:

సరిగ్గా చెప్పారు. డ్రోన్ తీసేయండి, అది ఇంకో జోకు. ఒక బొమ్మలో రెండు జోకులుంటే కన్ను ఎక్కడ నిలబడాలో తెలియదు.

అడగడం మర్చిపోయారు గానీ, ఆ పత్రికలన్నీ ఏమయ్యాయంటే, టీవీ వచ్చి ప్రకటనలు అటు పోయాయి, పోస్టు ఖర్చులు పెరిగాయి. కోలియర్స్ 1957 మొదట్లో పోయింది, సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ వారపత్రికగా 1969లో ఆగింది, లుక్ 1971లో. బుధవారాలు తిరగడానికి ఆఫీసులే లేకుండా పోయాయి. అందుకే మీరు వేసే కార్టూన్‌కి ఇంకా పంపడానికి ఒక పత్రిక ఉందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

పాతపుస్తకాలబండి:

నిన్న రాత్రి కూర్చున్నాను. పెన్సిల్‌తో తొమ్మిది రఫ్‌లు వేశాను, మొదటి ఆరూ బాగా లేవు. ఇప్పుడు ఇలా ఉంది. మండపం, అదే పెళ్ళికొడుకు, అదే పెళ్ళికూతురు, ఇద్దరూ కెమెరావైపు మెడలు తిప్పి కదలకుండా ఉన్నారు. ఫోటోగ్రాఫర్ ఒక్కడే, మోకాలి మీద కూర్చుని ఒక కన్ను మూసి లెన్సులోకి చూస్తున్నాడు. పురోహితుడు చేతిలో పంచాంగం పట్టుకుని కొంచెం వంగి, ఆ ఫోటోగ్రాఫర్ని అడుగుతున్నాడు:

"ముహూర్తం ఎన్నింటికి పెట్టమంటారు?"

నోరు ఆయనది ఒక్కటే తెరిచాను. ముఖంలో కోపం పెట్టి చూశాను, చెడిపోయింది. వినయం పెట్టాను, కుదిరింది. మాట మాత్రం బొమ్మలోనే, నా చేతిరాతతో, ఆయన తల పక్కనే రాశాను. కింద ప్రెస్సు అక్షరాల్లో ఊహించుకుంటే అది పురోహితుడి మాటలా అనిపించలేదు.

అరచెయ్యి పెట్టి చూశాను, రెండు వైపులా. ఇంక్ ఆరాక సోమవారం పోస్టు చేస్తున్నా.

బైండు పుస్తకం:

పెళ్ళికూతురి తండ్రిని కూడా ఒక మూల పెట్టు, ఎవరూ పట్టించుకోకుండా, చేతులు కట్టుకుని. ఆ ప్రశ్న అడగాల్సింది ఆయన్ని కదా. నోరు మాత్రం మూసే ఉంచు.

పాతపుస్తకాలబండి:

పెట్టాను. స్తంభం పక్కన.